పొత్రం లేని రోలు

ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుంది డాక్టర్ నస్రీన్.
ఆ బూడిద వెలుగులో
నా అంగడే కనపడింది నాకు:
లోతు పోయిన రోలు, పక్కకు జారిన పొత్రం.

చిత్తూరు గిరింపేటలో ఇరవయ్యారేండ్లుగా గ్రైండర్లు బాగుచేస్తా ఉండా.
రాయి నునుపెక్కితే గంట్లు కొడతా.
బేరింగు అరిగితే వీధి మలుపులోనే వినిపిస్తుంది నాకు.
అట్లాంటోణ్ణి,
మా దొరసాని లేచేటప్పుడల్లా
తుంటిలోంచి వచ్చే ఆ ‘టక్కు’ను
రెండేండ్లు విని కూడా
వయసులే అనుకున్నా.
ఐదేండ్ల కుక్కకు వయసేంది?

బదిలీ అయిపొయ్యే ఎస్సై వదిలిపెట్టిన జాతికుక్క అది.
పిల్లప్పుడు కుందేలు మాదిరి
వెనక్కాళ్ళు రెండూ జతగా ఎగరేసి పరిగెత్తేది.
వీధి పిల్లోళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు.
నేనూ కొట్టినా.
ఆ గెంతే రోగానికి తొలి అడుగని
ఇప్పుడు తెలిసింది, తిరుపతిలో,
పశువుల ఆస్పత్రి సిమెంటు బెంచీ మీద.

“నాలుగైదు నెలల పిల్లగా తెచ్చుంటే
కటి ఎముకను ఒక్కచోట కాల్చి ఆపేవాళ్ళం,
పెరిగేకొద్దీ గిన్నె తనే బంతి మీదికి ఒరిగేది.
ఏడాది లోపల, కీలు అరగకముందైనా,
ఎముక కోసి, తిప్పి, బిగించేవాళ్ళం.”
ఆపేవాళ్ళం, బిగించేవాళ్ళం...
పాకాల గేటు కాడ నిలబడి
వెళ్ళిపొయ్యే రైలు పెట్టెలు లెక్కపెడతా ఉన్నట్టుండింది.

ఇప్పుడైతే కొత్త కీలు వెయ్యొచ్చంట.
లోహం బంతి, ప్లాస్టిక్ గిన్నె. చెన్నైకి పోవల్ల.
ఆమె చెప్పిన అంకెకు
నా షెడ్డూ, మోటార్లూ, చెంగమ్మ కమ్మలూ
అన్నీ కలిపి తూచినా ముల్లు సగం దాటదు.

ఇంకోదారి విని నవ్వొచ్చింది,
ఏడుపుకు ముందొచ్చే నవ్వు.
తొడ ఎముక తల కోసేస్తారంట.
ఆ చోట ఏమీ పెట్టరంట.
“పొత్రం తీసేస్తే రోలెందుకమ్మా?”
“రాసుకునేది లేకపోతే నొప్పీ ఉండదు కదా మునెప్పా.
ఖాళీలో నార అల్లుకుంటుంది. కండ మోస్తుంది.
కానీ ముప్పైనాలుగు కిలోలు మోయలేదు, ముందు తగ్గించు.
మునుపటి కీలు మాత్రం రాదు. నీకు అబద్ధం చెప్పను.”

పెరుగన్నం ఆపేసినాం.
దోసెల బండి రెడ్డెమ్మ దొంగతనంగా వేసే ముక్కలకు
బండి కాడికే పొయ్యి దండం పెట్టొచ్చినా.
ఉడికిన గుమ్మడికాయ ముందు కూచోని
దొరసాని నన్ను చూసిన చూపు
అప్పులోడు కూడా చూసిండడు.

కోసిన రోజు స్టీలు గిన్నెలో చూపించినారు ఆ తలను.
పెద్ద నేరేడుపండంత.
గుండ్రంగా ఉండాల్సింది
పుట్టగొడుగు మాదిరి చదునై, అంచులంతా గరుకు.
జేబులో కొలత పరికరం ఉండింది. చెయ్యి దాకా పొయ్యింది.
కొలిచి ఏం చేస్తా,
ఈ సైజు ఏ కొట్లో అడుగుతా?

పడుకోబెట్టి కాపాడుకుందామనుకుంటిమి.
పడుకోబెడితే బిగుసుకుంటుంది, నడిపించమన్నారు.
మాత్ర మింగించి, పొట్టకింద తువ్వాలు జోలె కట్టి
తెల్లారుజామున నీవా ఏట్లోకి.
నీళ్ళు లేకుంటే ఏం, ఇసుకుంది.
పదడుగులు. మర్నాడు పన్నెండు. ఆ మర్నాడు నాలుగే.
అది నడస్తా ఉందో నేను మోస్తా ఉండానో
చెంగమ్మకు కూడా తెలిసేది కాదు.
ఎడమ తుంటి అట్లే ఉంది, దాని సంగతి తర్వాత.

మూడో నెల.
హోటలోళ్ళ పెద్ద గ్రైండరు తిప్పి చూస్తా ఉండా.
వెనకాల తప్పు తప్పుమని ఏదో కొట్టుకుంటా ఉంది.
బెల్టు జారిందని మోటారు ఆపినా.
చప్పుడు ఆగలేదు.

గడప కాడ దొరసాని
కోసిన కాలు పైకెత్తి
చెవి గోక్కుంటా ఉంది.